ఏ సెలవు?

తమిళనాడు సరిహద్దున ఉన్న పుత్తూరు, నగరి ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి రెండు భాషల నడుమ బతకడం కొత్త కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయినా చుట్టరికాలు, బేరసారాలు అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. మా ఉన్నత పాఠశాలలోనూ ఇంట తమిళం, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు ప్రతి తరగతిలో ఉండేవారు. తొమ్మిదో తరగతిలో అటువంటి మిత్రుణ్ణి, విహారయాత్రకు డబ్బు ఎందుకు కట్టలేదని తెలుగు మాస్టారు అడిగారు. "ఈ నెల ఇంట్లో సెలవు ఎక్కువైపోయింది సార్" అన్నాడు వాడు. తరగతంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేనే.

మాస్టారు నవ్వలేదు. వాడి మాటలో తప్పు లేదని, మనకు తెలిసిన తెలుగే చాలలేదని చెప్పి, ఆ రోజు సంధులను పక్కన పెట్టి ఆ ఒక్క మాట మీదే గంటంతా పాఠం నడిపారు. తమిళంలో 'సెల్' అంటే వెళ్ళడమని, పాత తమిళంలో 'సెలవు' ప్రయాణమని, చేతిలోంచి వెళ్ళిపోయే డబ్బు గనుక ఖర్చుకు కూడా ఆ పేరే వచ్చిందని వివరించారు. మన పాత నిఘంటువుల్లోనూ సెలవుకు వ్యయమనే అర్థం ఉందని ఆయన చెప్పినప్పుడు నవ్విన మా ముఖాలు చిన్నబోయాయి.

అయితే నా మనసుకు పట్టినది ఆ తర్వాత చెప్పిన భాగం. "రెండు రోజులు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన" అని లెక్కలేనన్ని చీటీలు రాసిన మాకు (వాటిలోని జ్వరాలు చాలావరకు కల్పితాలే), అక్కడ సెలవంటే బడికి రాకపోవడం కాదని, వెళ్ళడానికి పెద్దలిచ్చే అనుమతి అని అప్పటిదాకా తోచనే లేదు. ద్రౌపదమ్మ తిరునాళ్ళలో రాత్రంతా మేలుకొని చూసే భారత నాటకాల్లో "ప్రభువులు ఏమని సెలవిచ్చారు?" అంటే ఆజ్ఞ, అదే మాట ఇంట్లో అమ్మ నాన్నతో అంటే శుద్ధ వెటకారం. "ఇక సెలవు" అని లేచే అతిథి కూడా, నా ఉద్దేశంలో, తన ప్రయాణాన్ని ప్రకటించడం లేదు, ఎదుటివారి అనుమతి అడుగుతున్నాడు. అందుకే దానికి "మంచిది, వెళ్ళి రండి" అనే జవాబు అతుకుతుంది.

ఆ మిత్రుడే ఇప్పుడు మా బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి కోశాధికారి. మొన్న వాట్సాప్‌లో పంపిన లెక్కల కాగితంలో ఎడమ వైపు "వసూలు", కుడి వైపు "సెలవు" అని రాశాడు. ఎవరికి సెలవని మా తర్వాతి తరగతులవారు అడుగుతూనే ఉన్నారు. మా తరగతివారం మాత్రం ఎవరమూ జవాబివ్వలేదు.