కాలు నోవా?

మొన్న ఉగాదికి శ్రీశైలం నడిచి వెళ్దామని వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగినప్పుడు నా కాళ్లకి కొత్త బూట్లు. నల్లమలలో కొత్తవి వద్దురా అని అమ్మ చెప్తూనే ఉంది. వింటేగా! నాగలూటి వీరభద్రుడి గుడి దాటి పెద్దచెరువు చేరేసరికి ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ.

ఉగాదికి ఈ దారంతా కన్నడిగులదే. రాయచూరు, బాగల్‌కోట వైపు నుంచి రోజుల తరబడి నడిచొస్తారు. శ్రీశైలంలో భ్రమరాంబ వాళ్ల ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. పండక్కి పిల్లకి చీర, గాజులు, పసుపు కుంకుమ పెట్టి రావాలి కదా.

చెట్టు కింద కూలబడి బూటు విప్పాను. వెళ్లేవాళ్లు వెళ్తూనే "అయ్యో పాపం" అంటున్నారు. తప్పు పట్టను. పొద్దుట్నుంచి నేనూ ఇలా కూలబడ్డవాళ్లని ఎంతమందినో చూసి అదే అనుకుంటూ దాటొచ్చాను.

ఒకావిడ మాత్రం ఆగింది. అరవై దాటి ఉంటాయి. నా మడమ చూసి "కాలు నోవా?" అంది. నాకు కన్నడం రాదు. కాలు వాళ్లకీ కాలే. నోవు అంటే? మనసు నొచ్చుకుంది అంటామే, ఆ నొప్పే అయ్యుంటుంది. తలూపాను.

సంచిలోంచి సూది, ఎర్రదారం తీసింది. సూది మొనని అగ్గిపుల్లతో కాల్చి, దారాన్ని కొబ్బరినూనెలో తడిపి, బొబ్బకి ఈ పక్క గుచ్చి ఆ పక్కకి లాగింది. దారం లోపలే వదిలేసి కొసలు తెంపింది. నీరు దారం వెంట కారిపోతుంది, పైతోలు ఊడదు. (డాక్టర్లు ఒప్పుకోరేమో, ఆ పూటకి నన్ను నడిపించింది.) సూది దిగేటప్పుడు నాకంటే ముందు ఆవిడే "స్స్" అంది.

అప్పుడు చూశాను ఆవిడ పాదాలు. చెప్పుల్లేవు. రెండు మడమలకీ అలాంటి దారాలే, మట్టిపట్టి రంగు తెలీకుండా. మరి మీకో అన్నట్టు వేలు చూపించాను. నవ్వి, సంచిలో మడతపెట్టిన ఆకుపచ్చ చీర తట్టి "మగళ మనె" అంది. కూతురిల్లు.

భీముని కొలను మెట్లు దిగి, ఎక్కి, కైలాసద్వారం చేరేలోపు జనంలో తప్పిపోయింది. దర్శనం క్యూలో వెతికాను. ఎవరి చేతిలో చూసినా ఆకుపచ్చ చీరే.

ఇంటికొచ్చాక అమ్మ నా మడమ ఒళ్లో పెట్టుకుని "ఎవరు కుట్టార్రా ఇది?" అంది. పేరు కూడా అడగలేదని అప్పుడు తట్టింది. మెల్లిగా దారం లాగుతూ అమ్మ "స్స్" అంది. నాకసలు నొప్పే లేదు.