అంకణం చతురస్రమైతే భుజమెంత? అకరణీయ, కరణీయ సంఖ్యల లెక్క

నెల్లూరులో ఇంటి స్థలం మాటొస్తే అంకణాల్లోనే చెప్పుకుంటారు. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు (తిరుపతి వైపు 36, ఆ లెక్క ఇందులో కలపొద్దు). వెడల్పు 8 అడుగులు, పొడవు 9 అడుగులు ఉంటే సరిగ్గా ఒక అంకణం. ఎనిమిదో తరగతి పిల్లల్ని ఇలా అడిగి చూడండి: అదే అంకణం చతురస్రంగా ఉంటే భుజం ఎన్ని అడుగులు?

జవాబు √72. మేస్త్రీ ఎనిమిదిన్నర అంటాడు. 8.5ను వర్గం చేస్తే 72.25, పావు చదరపు అడుగు ఎక్కువ. 8.485 తీసుకుంటే 71.995225, కాస్త తక్కువ. దశాంశ స్థానాలు ఎన్ని పెంచుకుంటూ పోయినా సరిగ్గా 72 తగలదు. అదే రెండు అంకణాలు చేయండి: 144 చదరపు అడుగులు, భుజం 12. ఎనిమిది అంకణాలకు 24 అడుగులు, యాభై అంకణాలకు 60. మూడు అంకణాలకు మాత్రం మళ్లీ తెగదు. సెంటు 435.6 చదరపు అడుగులు, దాని భుజమూ తెగదు. పది సెంట్లు 4356, భుజం నికరంగా 66 అడుగులు.

రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయగలిగిన సంఖ్య అకరణీయం, అలా రాయలేనిది కరణీయం. వర్గమూలం గుర్తు కనబడగానే 'కరణీయం' అని రాసేసే అలవాటు ఇక్కడే పోగొట్టాలి. √144 అకరణీయమే. గుర్తు కింద భిన్నం ఉంటే ముందు దాన్ని కనిష్ఠ రూపానికి తేవాలి. ఆ తర్వాత లవం, హారం రెండూ పరిపూర్ణ వర్గాలైతే అకరణీయం, ఒక్కటి కాకపోయినా కరణీయం. √(8/18) చూడండి. 8 వర్గం కాదు, 18 కూడా కాదు, కాబట్టి కరణీయం అనేస్తారు. కొట్టివేస్తే 4/9, దాని మూలం 2/3. దశాంశాల్లోనూ ఇదే చిక్కు. √0.04 అంటే 0.2. √0.4 మాత్రం 0.2 కాదు, 0.02 కాదు. 0.4 అంటే 2/5, రెండూ వర్గాలు కావు, కాబట్టి అది కరణీయం.

మరి √72 భిన్నంగా రాదని ఎలా నమ్మాలి? పి/క్యూ అనే భిన్నం అనుకుందాం, రెండూ పూర్ణ సంఖ్యలే. వర్గం చేస్తే పి² = 72 × క్యూ². ఇప్పుడు ప్రధాన కారణాంకాల్లో 2లు ఎన్నున్నాయో అది మాత్రమే లెక్కపెట్టండి. ఏ సంఖ్యను వర్గం చేసినా అందులోని 2లు రెట్టింపవుతాయి, అంటే పి²లో 2లు సరిసంఖ్యలో ఉంటాయి, క్యూ²లోనూ అంతే. కానీ 72 = 2×2×2×3×3, ఇందులో 2లు మూడు. సరికి మూడు కలిస్తే బేసి. ఎడమవైపు సరి, కుడివైపు బేసి. ఒక సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా ఒకే రకంగా విడగొట్టగలం కాబట్టి ఇది కుదరదు. పదో తరగతిలో √2కు చేసే నిరూపణ కంటే ఇదే తేలిక అని నా అభిప్రాయం. ఆ నిరూపణలో పి, క్యూలకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదని మొదటే రాయాలి. ఆ వాక్యం వదిలేస్తే చివర్లో వైరుధ్యమే రాదు. చాలామంది వదిలేసేది సరిగ్గా దాన్నే.

కాలిక్యులేటర్‌ను మాత్రం సాక్షిగా పిలవకూడదు. 1/17 కొడితే 0.0588235 అని వస్తుంది. ఎక్కడా తిరగబడినట్టు, అంటే అవే అంకెలు మళ్లీ వచ్చినట్టు, కనబడదు. భాగహారం చేతితో చేయండి. 17తో భాగిస్తే వచ్చే శేషాలు 1 నుంచి 16 వరకే. సున్నా రాదు కాబట్టి పదిహేడో అడుగులోపు పాత శేషం మళ్లీ రాక తప్పదు. వచ్చిందంటే అంకెలూ మళ్లీ మొదలే. నిజంగానే 0588235294117647 అనే పదహారు అంకెల గుంపు తిరుగుతూ ఉంటుంది. ఏ భిన్నమైనా అంతమవుతుంది, లేదా తిరగబడుతుంది అనడానికి కారణం ఈ శేషాలే. అంతమయ్యేది ఎప్పుడంటే, కనిష్ఠ రూపంలో హారానికి 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేనప్పుడు. 21/30లో హారంలో 3 ఉంది కదా అని తొందరపడొద్దు, కొట్టివేస్తే 7/10.

తిరగబడటం అంటే ఒకే గుంపు తిరిగి తిరిగి రావడం. 0.1010010001... లో ఒక క్రమం ఉన్నమాట నిజం, సున్నాలు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. గుంపు మాత్రం ఒకటే కాదు, అందుకని అది కరణీయం. ఇక 0.8333... ను 83/99 అని రాస్తే తప్పు, అది 0.838383... అవుతుంది. ఇక్కడ తిరిగేది 3 ఒక్కటే. వంద రెట్లు 83.333..., పది రెట్లు 8.333..., తీసివేస్తే తొంభై రెట్లు 75. జవాబు 75/90, అంటే 5/6.

పై (π) విలువ దగ్గర తెలివైన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: పరిధి బై వ్యాసమే కదా పై, అది పి/క్యూ రూపమే కదా? కాదు. పి, క్యూ రెండూ పూర్ణ సంఖ్యలు కావాలి. వ్యాసం పూర్ణ సంఖ్య అయితే పరిధి కాదు, పరిధి అయితే వ్యాసం కాదు. 22/7 అంటే 3.142857..., పై అంటే 3.14159.... మూడో దశాంశ స్థానంలోనే విడిపోతున్నాయి. 7 అడుగుల వ్యాసమున్న బావికి 22/7తో చుట్టుకొలత 22 అడుగులు. అసలుది దానికంటే సుమారు 2.7 మిల్లీమీటర్లు తక్కువ. ఒడ్డు కట్టే పనికి ఈ తేడా ఏమీ కాదు. టేపు మీద చదివే ప్రతి కొలతా ఎలాగూ అకరణీయమే, అందుకని టేపుతో కొలిచి ఒక సంఖ్య కరణీయం అవునో కాదో తేల్చలేం.

కూడికలో √2+√3ని √5 చేసేస్తుంటారు. 1.414కు 1.732 కలిపితే 3.146, √5 చూస్తే 2.236. గుణకారంలో మాత్రం లోపలి సంఖ్యల్ని గుణించొచ్చు: √50×√2 = √100 = 10. రెండు కరణీయాల లబ్ధం అకరణీయం అయింది. దీన్నే ముందుగా 7.1, 1.4 అని సవరించి గుణిస్తే 9.94 వస్తుంది. అందుకే మూలాన్ని చివరి మెట్టు దాకా మూలంగానే ఉంచి, దశాంశంలోకి అక్కడ మార్చాలి.