జవాబు వచ్చేదాకా పని ఆగలేదు

బైబిల్లోని ఎజ్రా గ్రంథం 5వ అధ్యాయం 5వ వచనాన్ని చాలామంది చదువుతూ దాటేస్తారు. నాకు మాత్రం ఆ గ్రంథానికి గుండెకాయ అదే. యూదుల పెద్దల మీద దేవుని దృష్టి ఉంది కాబట్టి, పారసీక రాజు దర్యావేషు దగ్గర నుంచి జవాబు వచ్చేదాకా అధికారులు వాళ్ల పని ఆపలేదని అందులో ఉంది.

క్రీ.పూ. 539లో బబులోనును గెలిచిన పారసీక రాజు కోరెషు, అక్కడ చెరలో ఉన్న యూదులకు తిరిగి వెళ్లి యెరూషలేములో కూలిపోయిన మందిరం మళ్లీ కట్టుకోమని సెలవిచ్చాడు. ఆ మందిరం నుంచి బబులోను రాజు నెబుకద్నెజరు ఎత్తుకొచ్చిన వెండి బంగారు పాత్రలను లెక్కపెట్టించి మరీ యూదుల అధిపతి షేష్బజ్జరుకు అప్పగించాడు. యెరూషలేములో పునాది పడింది, ఇరుగుపొరుగువాళ్లు అడ్డుపడటంతో పని ఆగింది. ఏళ్లు గడిచాయి. క్రీ.పూ. 520లో, దర్యావేషు ఏలుబడిలో, ప్రవక్తలు హగ్గయి, జెకర్యా ప్రవచిస్తే యూదుల నాయకులు జెరుబ్బాబెలు, యేషూవ పని మళ్లీ మొదలుపెట్టారు.

అప్పుడు దిగాడు తత్తెనై, యూఫ్రటీసు నది ఇవతలి ప్రాంతానికి అధికారి. ఎవరి ఆజ్ఞతో కడుతున్నారని నిలదీశాడు. పెద్దల పేర్లు అడిగాడు, రాసి రాజుకు పంపాలని. పై అధికారి పేర్లు రాసుకుంటున్నాడంటే ఎవరికైనా టెన్షనే కదా! అయినా వాళ్లు చేతులు కట్టుకు కూర్చోలేదు. పెద్ద పెద్ద రాళ్లు పేరుస్తున్నారు, గోడల్లో దూలాలు వేస్తున్నారు, పని చురుగ్గా సాగుతోంది అని తత్తెనై తన ఉత్తరంలోనే రాశాడు. ప్రార్థనకు జవాబు రాలేదని చేతిలో పని వదిలేసినప్పుడల్లా నాకు ఆ ఉత్తరం గుర్తొస్తుంది.

దర్యావేషు పాత దస్తావేజులు వెతికించాడు. కోరెషు ఉత్తర్వు చివరికి మాదీయుల పట్టణం ఎక్బతానాలో దొరికింది. మూడు వరుసలు పెద్ద రాళ్లు, ఒక వరుస కలప, ఖర్చు రాజు ఖజానాది అని స్పష్టంగా ఉంది.

కోరెషు యెహోవా భక్తుడేమీ కాదు. 1879లో బబులోను శిథిలాల్లో బయటపడ్డ అతని మట్టి శాసనంలో తనను ఎన్నుకున్నది బబులోను దేవుడు మర్దూకు అని రాయించుకున్నాడు. వేరే పట్టణాల దేవతలను వాళ్ల గుళ్లకు తిరిగి పంపానన్నాడు. యెరూషలేము ఊసే లేదు. గెలిచిన ప్రజల గుళ్లను ఆదరిస్తే రాజ్యం నిలుస్తుందన్నది పారసీక రాజుల లెక్క. దర్యావేషు కూడా బలులకు కోడెలు, పొట్టేళ్లు, గోధుమలు, ఉప్పు, నూనె ఇప్పించి, తన కోసం, తన కుమారుల కోసం ప్రార్థించమన్నాడు. ఇది తెలిశాక నా విశ్వాసం తగ్గలేదు, పెరిగింది. బైబిల్లోనే యెషయా గ్రంథం 45వ అధ్యాయం కోరెషును అభిషిక్తుడని, అంటే దేవుడు ఎన్నుకున్నవాడని, పిలుస్తుంది. రాజుల స్వలాభం కూడా దేవుని చేతిలో పనిముట్టే.

ఇక ఖర్చంతా తత్తెనై ప్రాంతపు పన్నుల్లోంచే, ఆలస్యం లేకుండా ఇమ్మని ఆజ్ఞ వచ్చింది. అతను అలాగే చేశాడు. దర్యావేషు ఏలుబడి ఆరో ఏట, అంటే క్రీ.పూ. 515లో, యూదుల క్యాలెండరులోని అదారు నెల మూడో రోజున మందిరం పూర్తయింది. చెర నుంచి తిరిగొచ్చినవాళ్లలో ఎక్కువమంది యూదా, బెన్యామీను గోత్రాలవాళ్లే. అయినా ప్రతిష్ఠ రోజున ఇశ్రాయేలీయులందరి పాపపరిహారం కోసం గోత్రానికి ఒకటి చొప్పున 12 మేకపోతులను అర్పించారు.