కొలువు పెట్టెలోంచి కాగితం మీదికి: 8 అయ్యాయి, 26 మిగిలాయి

సంక్రాంతి కొలువు తీసేశాక బొమ్మల్ని పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టెలో సర్దాలి. ఈసారి ఓ పట్టు పట్టాను: చూసి గీసి, రంగులేసి కాగితం మీదికెక్కించాకే ఏ బొమ్మైనా పెట్టెలోకి వెళ్ళాలి. మొత్తం 34 ఉన్నాయి. ఇవాళ్టికి 8 అయ్యాయి. బల్ల ఖాళీ కావట్లేదని అమ్మకి విసుగు.

మొదట కొండపల్లి అంబారీ ఏనుగు, జానెడు ఎత్తుంటుంది. తొండం మీద ముడతలూ చెవుల్లో నరాలూ వేసుకుంటూ రెండు సాయంత్రాలు గడిపాను. అమ్మ చూసి, "మన బొమ్మకి ఒక్క ముడతా లేదు కదే, ఇది జూలో ఏనుగు" అంది. నిజమే. బొమ్మని ఎదురుగా పెట్టుకుని తలలో ఉన్న ఏనుగుని వేశాను.

మళ్ళీ కూర్చుంటే చెవి దగ్గర అతుకు కనిపించింది. తెల్ల పొణికి కర్రతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు కదా, అక్కడ సన్నగా ఉబ్బుంది. ఆ గీత ఒక్కటి పడగానే కాగితం మీద ఏనుగు కొయ్యదైపోయింది.

కొండపల్లికి వాటర్ కలర్ కన్నా పోస్టర్ కలర్ నయం. బొమ్మ మీది రంగు దట్టంగా ఉంటుంది, పలచగా వేస్తే అది రాదు. మొదటి పూత బాగా ఆరాకే రెండోది. కళ్ళకీ నగలకీ సున్నా నంబరు బ్రష్. కాగితం 300 జీఎస్ఎం. అంతకన్నా పలచటిది రెండో పూతకే అప్పడంలా లేచింది. ట్యూబ్‌లైటు ఆపేసి ఎడమ పక్క నుంచి ఒకటే టేబుల్ లాంపు పెట్టుకుంటే నీడ ఒకే వైపు పడుతుంది.

ఏటికొప్పాక కుంకుమ భరిణెతో నాలుగు రోజులు పోయాయి. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూనే లక్క అద్దుతారు, రాపిడి వేడికి అది కరిగి పట్టుకుంటుంది. దాంతో ప్రతి ఉబ్బు మీదా కిటికీ తెల్లటి చారలా మెరుస్తుంది. ఆ మెరుపుని చివర్లో తెల్ల రంగుతో దిద్దితే సుద్దముక్క గీసినట్టుంది. ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని కాగితాన్నే ఖాళీగా వదిలేయాలి. మూత వంకర పోకుండా మధ్యలో నిలువు గీత గీసి రెండు వైపులా కొలతలు పెట్టాను. కాగితం తలకిందులు చేసి చూస్తే తప్పు ఇట్టే తెలుస్తుంది.

తంజావూరు బొమ్మకి ఫ్యాన్ ఆపక తప్పదు, లేకపోతే తలాడిస్తూనే ఉంటుంది.

ఒక పొరపాటు చేశాను. కృష్ణుడి మీద దుమ్ముందని తడి గుడ్డతో తుడిస్తే చెంప నీలమంతా గుడ్డకంటింది. పొడి బ్రష్‌తో దులపాల్సింది. రంగేసి సర్దేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, తాతయ్య కొన్న బొమ్మ అది. అందుకని చెంప మీది తెల్ల మచ్చతో సహా వేశాను. ఇప్పటిదాకా వేసినవాటిలో అదే బాగా కుదిరింది.

తొమ్మిదోది తాటిచెట్టెక్కే కల్లుగీత మనిషి. ఆకులు రెండు ఊడిపోయాయి, కాళ్ళకి కట్టిన తాడు మాత్రం గట్టిగా ఉంది. ఆదివారం మొదలుపెడతాను. అమ్మ దానికి చుట్టే చీర ముక్క అప్పుడే తీసి పక్కన పెట్టింది.