రేఖాంశం మాస్టారి క్లాసు నుంచి కింగ్ ఎయిర్ దాకా

మన బడి పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ తరఫున గోళీసోడా (అందరికీ బడిలో పెట్టుకున్న పేర్లే వాడుతున్నాను) ఫోను చేశాడు. "బడి గురించి అందరూ రాస్తారు, నువ్వు పైలట్‌వి కదా, విమానాల సంగతి కూడా రాయి, మనవాళ్ల పిల్లలు అడుగుతున్నారు" అన్నాడు. చింతచెట్టు కింద పంచాయతీ, హెడ్మాస్టారి సైకిలు, బి సెక్షన్ గోడ, ఇవన్నీ తనే రాస్తానన్నాడు కనుక వాటి జోలికి పోను. నాకు రేఖాంశం మాస్టారు చాలు.

ఆయన మనకు సోషల్ చెప్పారు. నా వరకు ఆయన చెప్పింది విమానయానమే. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ మీదుగా పోతుందని పుస్తకంలో ఉంటే ఆయన ఊరుకోలేదు. అట్లాసు బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి, "కాకినాడకు ఇంకాస్త తూర్పున, మన తుని పక్కనుంచి పోతోందిరా" అని తేల్చారు. ఆ రోజు నుంచి మనకు ఆ గీత మీద ఎంత హక్కు వచ్చేసిందో గుర్తుందా?

తొమ్మిదో తరగతి పరీక్షలయ్యాక, ఏప్రిల్ నడుమ, తుని దగ్గరి తలుపులమ్మ లోవ గుడికి పిక్నిక్కు. దర్శనం కాగానే అందరూ పులిహోర వైపు చూస్తుంటే మాస్టారు చదును నేల వెతికి కర్ర పాతించారు. పదకొండున్నర నుంచి నీడ కొస దగ్గర గులకరాళ్లు పెట్టించారు. సరిగ్గా పన్నెండింటికి నీడ అన్నిటికన్నా పొట్టిదై సూటిగా ఉత్తరానికి తిరిగింది. "ఫిబ్రవరిలో వచ్చి ఉంటే పావుగంట ఆలస్యమయ్యేది. నవంబరు మొదట్లో అయితే పావుగంట ముందే అయిపోయేది. ఈ వారంలో సూర్యుడూ గడియారమూ ఒకే మాట మీద ఉంటారు, అందుకే ఈ తేదీ పెట్టాను" అన్నారు. లాంతరుగాడు రాళ్లు తన్నేయడం, ఆడపిల్లలు మళ్లీ పేర్చడం, ఆ తర్వాతి కథ మీకు నేను చెప్పనక్కర్లేదు. పులిహోర తిన్నాక ఇసుకలో లెక్క చేయించారు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 82½ డిగ్రీలకు 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు. గ్రీనిచ్ కంటే మనం అంత ముందున్నాం.

ఏడేళ్ల తర్వాత హైదరాబాదు కోచింగ్‌లో డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) పెట్టే నావిగేషన్, అంటే దారి లెక్కల, పేపరుకు చదువుతుంటే మొదటి వారమే ఆ లెక్క ఎదురైంది. వాతావరణ నివేదిక దగ్గర నుంచి విమానం పత్రాల దాకా అన్నీ గ్రీనిచ్ కాలంలోనే ఉంటాయి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే 60 నాటికల్ మైళ్లు (ఓడలకూ విమానాలకూ వాడే మైళ్లు). అదీ మాస్టారు చెప్పిందే. పేపరు పాసవడానికి నూటికి 70 రావాలి. పక్కన పెద్ద పెద్ద కాన్వెంట్లలో చదివినవాళ్లు కూర్చున్నా, తెలుగు మీడియంలో చదివినందుకు నాకు ఎక్కడా తడబాటు రాలేదు. ఈ మాట ఈ సంచికలో అచ్చు కావాలని నా కోరిక.

ఇంటరు, డిగ్రీ గురించి రాయదగ్గది ఏమీ లేదు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి నాన్న శిక్షణకు పంపారు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు కమాండ్ బాధ్యత మనదే కావాలి, 300 నాటికల్ మైళ్ల దూరప్రయాణం ఒకటి చేయాలి. నాకు లైసెన్సు చేతికొచ్చింది 2011లో. మరుసటి ఏడాది అక్టోబరులో ఒక పెద్ద విమానయాన సంస్థ ఆగిపోయింది. వేల గంటల అనుభవం ఉన్న కెప్టెన్లే ఉద్యోగాలు వెతుక్కుంటుంటే 200 గంటల వాడిని ఎవరు పిలుస్తారు? పైగా పెద్ద జెట్టు నడపాలంటే టైపు రేటింగ్, అంటే ఆ రకం విమానానికి ప్రత్యేక శిక్షణ, అనుమతి, విడిగా చేయాలి, దానికి మళ్లీ లక్షలు.

నన్ను నిలబెట్టింది నేను శిక్షణ పొందిన బడి. ఆ బడి యజమానులే చార్టర్ విమానాలూ, అంటే మొత్తంగా అద్దెకిచ్చేవి, నడిపేవారు. ఒకే హ్యాంగరులో ఒక పక్క మేం నేర్చుకునే చిన్న సెస్నా విమానాలు, ఇంకో పక్క రెండు ఇంజిన్ల కింగ్ ఎయిర్. రెంటికీ ఒకే ఇంజినీర్లు. తెల్లవారకముందే వచ్చి రెక్క కింద ఇంధనం తీసి నీటిబొట్టు ఉందేమో వెలుతురులో చూసేవాడెవడో, చూసినట్టు సంతకం పెట్టేవాడెవడో వాళ్లకు తెలుసు. అక్కడ ఇంటర్వ్యూ రోజూ జరుగుతుంది. లైసెన్సు వచ్చాక బోధకుడిగా తీసుకున్నారు. పిల్లలకు నేర్పుతూ గంటలు పెంచుకున్నాను. ఆ తర్వాత లైసెన్సులో కింగ్ ఎయిర్ నడిపే అనుమతి (ఎండార్స్‌మెంటు), కుడి సీటు, అంటే కో-పైలట్. 1500 గంటలు నిండాక పైలట్లకు అన్నిటికన్నా పై లైసెన్సు, ఏటీపీఎల్. ఇప్పుడు ఎడమ సీటు, కెప్టెన్‌ది.

చార్టర్ పనిలో ఉన్నంత చదువు ఇంకెక్కడా లేదని నా అభిప్రాయం. పెద్ద సంస్థలో పదిమంది చూసే పని ఇక్కడ ఇద్దరం చూస్తాం: ఇంధనం, బరువుల లెక్క, వాతావరణం, అవతలి విమానాశ్రయం తెరిచి ఉండే వేళలు. ఒకరోజు పెళ్లివారు, ఒకరోజు ఎన్నికల ప్రచారం, ఒకరోజు వెంటిలేటరు మీద రోగి. ఆ రోగి కళ్లు తెరిచాడని తర్వాత ఎవరో కబురు పంపితే ఆ నెలంతా హాయిగా ఉంటుంది.

విశాఖ నుంచి గన్నవరం వెళ్తుంటే మన తుని కిందుగా వస్తుంది. మొదటిసారి జీపీఎస్‌లో తూర్పు 82 డిగ్రీల 30 నిమిషాలు చూశాక, దిగగానే మాస్టారికి ఫోను చేశాను. "ఏ తేదీ, ఎన్నింటికి దాటావు?" అని అడిగి, అప్పుడు కింద నీడ ఎటు పడి ఉంటుందో ఆయనే చెప్పారు.

ఇక పిల్లల విషయం. పాలకోవా కూతురు పైలట్ అవుతానంటోందట. ముందుగా డీజీసీఏ వైద్య పరీక్ష చేయించండి. కంటిచూపు, రంగులు గుర్తుపట్టడం తేలాకే ఫీజు గురించి ఆలోచించండి. చార్టర్ కంపెనీ ఉన్న బడి అయితే అందులో చేర్చేముందు మూడు సంగతులు కనుక్కోవాలి: నిరుడు ఎంతమందిని తమ విమానాల్లోకి తీసుకున్నారు, ఎన్ని శిక్షణ విమానాలు నిజంగా ఎగిరే స్థితిలో ఉన్నాయి, ఉద్యోగం మాట కాగితం మీద ఉందా. నోటిమాటకు డబ్బు కట్టవద్దు. అక్కడి విద్యార్థులతో ఒక పూట గడిపితే సగం తెలిసిపోతుంది. తుని వచ్చినప్పుడు అమ్మాయిని తీసుకురండి, నా లాగ్‌బుక్కులు తెచ్చి చూపిస్తాను.