కొత్త ఆడ బోనబో గుంపులో కలవడం మొదలు పిల్ల పుట్టేదాకా: నా అనుభవం

చింపాంజీకి దగ్గరి చుట్టమైన వానరం బోనబో. బోనబోల సంతతి పెంచాలంటే జూ నుంచి జూకు పంపాల్సింది ఆడవాటిని. మగదాన్ని తల్లి దగ్గర్నుంచి కదిలించకూడదు. ఈ పనిలో నేను ముందుగా బుర్రకెక్కించుకున్న సంగతి ఇదే, మిగతా ఏర్పాట్లన్నీ దీన్నుంచే పుడతాయి. బోనబోలు ఉండేది కాంగో నదికి దక్షిణాన, డెమొక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో అడవుల్లో మాత్రమే. అక్కడ ఆడపిల్ల ఈడుకొచ్చే వేళకు పుట్టిన గుంపు వదిలి వేరే గుంపులో చేరుతుంది. మగది జీవితాంతం తల్లి వెంటే తిరుగుతుంది. గుంపులో దాని విలువ తల్లి విలువను బట్టే. ఆడవి ఒకదానికొకటి తోడై పెత్తనం చేస్తాయి. తల్లి అండ లేని మగదాన్ని అలాంటి గుంపులో వదిలితే అన్నీ కలిసి పట్టుకుని కొరుకుతాయి. వేళ్లు, చెవి కొసలు పోతాయి, జననాంగాలకూ గాయాలవుతాయి.

యూరప్ జూలలో ఏ ఆడది ఎక్కడికి వెళ్లాలో ఆంట్‌వెర్ప్ జూ నుంచి నడిచే ఉమ్మడి సంతానోత్పత్తి కార్యక్రమం చెబుతుంది. అంతర్జాతీయ వంశావళి పుస్తకం కూడా అక్కడే ఉంటుంది. పంపడానికి మంచి వయసు ఏడు నుంచి తొమ్మిదేళ్లు. అంతకు ముందు పంపితే అది ఇంకా తల్లిని వదిలి ఉండలేదు. బాగా ఆలస్యం చేస్తే పుట్టిన గుంపులోనే అన్నదమ్ములతో జతకట్టే ముప్పు ఉంది.

ప్రయాణపు పెట్టెను కనీసం ఆరు వారాల ముందే దాని పడకగది తలుపుకు బిగించి ఉంచమని పంపే జూను అడుగుతాం. మొదటి వారం అందులో తిండి మాత్రమే. తర్వాత తలుపు ఒక్క క్షణం మూసి తెరవడం, మెల్లగా అయిదు నిమిషాలదాకా పెంచడం. ఈ పని ఎగ్గొడితే ప్రయాణం రోజున మత్తు సూది వేయాల్సి వస్తుంది. సూది తిన్న బోనబో మూసిన తలుపులను చాన్నాళ్లు నమ్మదు. ఆరోగ్య పరీక్షలకు ఎలాగూ ఒకసారి మత్తివ్వాలి కాబట్టి క్షయ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, గుండె స్కాన్, రక్తం, పళ్లు అన్నీ ఆ ఒక్కసారిలోనే ముగించాలి. మలంలో పురుగులు, విరేచనాలు పట్టించే సాల్మొనెల్లా, షిగెల్లా బ్యాక్టీరియా ఉన్నాయేమో వేరుగా చూస్తాం. పాత కీపరు ఒకరు వెంట వచ్చి మూడు నాలుగు రోజులుంటే కొత్తది తిండి మానదు.

ఇక ఇల్లు. ప్రతి గదికీ రెండు తలుపులుండాలి, గదులన్నీ కలిపితే చుట్టు తిరిగి రాగలగాలి. ఒకే తలుపున్న గది బోనబోకు ఉచ్చు. తరుముకొచ్చే నాలుగు ఆడవాటి ముందు మూలకు చిక్కిందంటే గాయం తప్పదు. తలుపు నడిపేవాళ్లకు రెండు వైపులా కనబడాలి, లేకపోతే వేళ్లు నలుగుతాయి. తలుపుల చప్పుడు తగ్గించడానికి రబ్బరు అంచులు వేస్తాం. చప్పుడంటే వీటికి ఎంత హడలో చరిత్రలోనే ఉంది: రెండో ప్రపంచ యుద్ధంలో మ్యూనిక్ మీద బాంబులు పడ్డప్పుడు అక్కడి హెల్లాబ్రున్ జూలో బోనబోలు ఆ మోతకే చనిపోయాయి, పక్కనున్న చింపాంజీలు బతికాయి. బయటి ఆవరణ చుట్టూ నీటి కందకం ఉంటే ఒడ్డు మెల్లగా వాలుండాలి, నీళ్ల అంచున కంచె ఉండాలి. బోనబోలకు ఈత రాదు.

కొత్తదాన్ని గుంపులో కలపడం ఎన్ని రోజుల పని అని అడుగుతారు. రోజులు లెక్కపెట్టకూడదు, గుర్తులు చూడాలి. మొదట వాసన: కొత్తది పడుకున్న గడ్డిని గుంపుకు, గుంపు పడుకున్న గడ్డిని కొత్తదానికి వేస్తాం. తర్వాత దూరం నుంచి చూపు. ఆ తర్వాత ఇనుప వలకు ఇటూ అటూ ఉంచుతాం. మొదటి వల కన్ను వేలు దూరనంత చిన్నగా ఉండాలి. పెద్ద కన్ను వలతో మొదలుపెడితే, చేయి చాచి పలకరించబోయిన కొత్తదాని వేలు అవతలిది కొరికేస్తుంది. రెండు వైపులా వల పక్కనే పడుకుని, వల మీదుగా ఒళ్లు రుద్దుకోవడం, పెదవులు చాచడం కొన్ని రోజులు వరసగా కనబడితే అప్పుడు చేయి దూరేంత కన్నున్న వలకు మారతాం.

ముందు ఎవరితో కలపాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం. కాంగోలోని వాంబాలో జపాన్ పరిశోధకులు అడవి బోనబోలను 1970ల నుంచి చూస్తున్నారు. కొత్తగా వచ్చిన ఆడది గుంపులో ఒక పెద్ద ఆడదాన్ని ఎంచుకుని, దాని వెంటే తిరిగి, దానితో సయోధ్య కుదుర్చుకుని లోపలికి చేరుతుందని వాళ్లు గమనించారు. మేమూ అదే దారి పడతాం. వల దగ్గర కొత్తది ఎవరి వైపు వెళ్లి కూర్చుంటుందో రోజూ రాసుకుంటాం. ఆ పెద్దదాన్నే మొదట ఒంటరిగా దాని గదిలోకి వదులుతాం. మనకు నచ్చిన నెమ్మదస్తురాలిని మనమే ఎంచి పంపితే ఆ స్నేహం గుంపులోకి వెళ్లాక నిలవదు. రెండూ ఎదురెదురుగా కావలించుకుని జననాంగాలు రుద్దుకుంటే, ఆ వెంటనే ఒకే చోట తింటే, పని సగం అయినట్టే. తర్వాత ఇంకో ఆడది, ఆపైన మగవి. మగవి వెంటనే జతకట్టబోతాయి, అది గొడవ కాదు. ఆ మగదాని తల్లి ఒప్పుకుందా లేదా అన్నదే చూడాలి.

చిన్న కాట్లకు జోక్యం చేసుకోం. కానీ రెండు మూడు కలిసి ఊపిరి తీసుకోనివ్వకుండా తరిమితే, కొత్తది తిండి మానేస్తే, విరేచనాలు పట్టుకుంటే, కుట్లు పడే గాయమైతే విడదీస్తాం. అప్పుడు కూడా ఒంటరిగా ఉంచం, స్నేహం కుదిరిన పెద్దదాన్ని తోడుంచుతాం. ఒంటరిగా వారం ఉన్నది తిరిగి వెళ్తే మళ్లీ కొత్తదే.

తిండి దగ్గరే ఎక్కువ పోట్లాటలు పుడతాయి. అందుకే రోజుకు అయిదారు సార్లు, గుంపులో ఎన్ని ఉంటే అంతకు రెట్టింపు చోట్ల చల్లుతాం. ఎక్కువ భాగం ఆకుకూరలు, కూరగాయలు, విల్లో, హేజెల్ లాంటి చెట్ల కొమ్మలు; వాటికి తోడు పీచు ఎక్కువున్న పెల్లెట్లు, అంటే గుళికల మేత. మనుషుల కోసం పండించే పళ్లలో అడవి పళ్లకన్నా చక్కెర చాలా ఎక్కువ, పీచు తక్కువ. వాటిని మేం శిక్షణలో బహుమతిగా మాత్రమే ఇస్తాం. పళ్ల మీద పెంచిన బోనబోలు లావెక్కుతాయి. జూలలో బోనబో, చింపాంజీ, గొరిల్లా లాంటి పెద్ద వానరాలను ఎక్కువగా బలిగొనేది గుండె జబ్బే కాబట్టి ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. విటమిన్ సి మనలాగే వీటి ఒంట్లోనూ తయారు కాదు, పెల్లెట్లు పాతబడితే అది తగ్గిపోతుంది. సంచి మీది తేదీ చూడాలి.

కొత్తది కుదురుకునేదాకా గర్భనిరోధం ఆపం. మనుషులు వాడే మాత్రలే నూరి రసంలో కలుపుతాం, లేదా మందును మెల్లగా వదిలే ఇంప్లాంట్‌ను చేతి చర్మం కింద పెట్టిస్తాం. ఆపాక ఏ మగది తండ్రి అవుతుందో మనం నిర్ణయించలేం. గుంపులో ఏ మగవాటిని ఉంచామన్నదే మన ఎంపిక. అందుకే పిల్ల పుట్టాక వెంట్రుకలో మలమో పంపి డీఎన్‌ఏతో తండ్రిని తేల్చి, వంశావళి పుస్తకంలో రాయించాలి.

జతకట్టే వేళల్లో ఆడవాటికి వచ్చే పిరుదుల వాపును చూసి అండం విడుదలైందని అనుకోవద్దు. బోనబోల్లో వాపు చాలా రోజులుంటుంది, గర్భంతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ వస్తుంది. గర్భం తెలుసుకోవడానికి నమ్మదగ్గది మూత్రం. పొద్దున్నే వల దగ్గర గిన్నెలోకి మూత్రం పోయడం నేర్పిస్తాం, మనుషుల గర్భ పరీక్ష పట్టీ వీటికీ పనిచేస్తుంది. వారానికోసారి చూస్తాం. గర్భం దాదాపు ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో మూడు నేర్పాలి: పొట్టను వలకు ఆనించి స్కాన్ చేయించుకోవడం, చేతిలోని బొమ్మను వల దగ్గరకు తెచ్చి చూపించడం, బొమ్మను ఎత్తుకుని ఉండగానే వల అవతలి నుంచి పాల సీసాను ఆ బొమ్మ నోటికి పెట్టనివ్వడం. మూడోది నేర్పకుండా వదిలేయకూడదు, అవసరం పడేది అదే.

కాన్పు వేళ తల్లిని విడదీయం. 2018లో ప్రచురితమైన పరిశీలనలో నెదర్లాండ్స్‌లోని ఆపెన్‌హూల్‌లో, ఫ్రాన్స్‌లోని వాలే దె సింజ్‌లో మిగతా ఆడవి కానుపుకొచ్చిన తల్లి చుట్టూ చేరి, పిల్లను అందుకోబోవడం కూడా నమోదైంది. తోడు దూరం చేస్తేనే తొలిచూలు తల్లి బెదురుతుంది. పుట్టాక పిల్ల తల్లి పొట్టను గట్టిగా పట్టుకుందా, తలకిందులుగా వేలాడుతోందా, పాలు తాగుతోందా, ఇవి గంటగంటకూ రాస్తాం. మొదటి రోజు చప్పరించకపోయినా పట్టు గట్టిగా ఉంటే ఆగుతాం. పట్టు సడలితే, ఒళ్లు చల్లబడితే ఆగం. అప్పుడే ఆ సీసా శిక్షణ అక్కరకొస్తుంది, పిల్లను తల్లి చేతిలోంచి తీయకుండానే పాలు పట్టొచ్చు. మనుషుల చేతిలో పెరిగిన పిల్లకు, ముఖ్యంగా మగదానికి, గుంపులో ఎలా మెలగాలో తెలియదు.

మనం మోసుకెళ్లే జలుబే పిల్లకు పెద్ద ముప్పు. మనిషి శ్వాసకోశ వైరస్‌లు బోనబోలను చంపాయి. జలుబున్న కీపరు ఆ రోజు లోపలికి రాడు, మిగతావాళ్లం మాస్కు వేసుకుంటాం, ఏటా ఫ్లూ టీకా తీసుకుంటాం. చలికాలంలో గది వెచ్చగా ఉంటే చాలదు. హీటర్లు గాలిని ఎండబెడతాయి, నీటి తుంపరతో తేమ నిలపాలి.

అడవిలో రెండు కాన్పుల మధ్య నాలుగైదేళ్లు ఉంటుంది. జూలో తిండి పుష్కలం కాబట్టి అంతకన్నా ముందే గర్భం వస్తుంది. కాన్పుకు కాన్పుకు ఎడం కావాలంటే మళ్లీ గర్భనిరోధం మొదలుపెట్టాలి. అప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న మాత్ర వద్దు, పాలు తగ్గిపోతాయి. ప్రొజెస్టిన్ అనే హార్మోన్ మాత్రమే ఉన్నది వాడాలి.