అయోవా సిటీలో ఆదివారం నాలుగింటికి

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మేముండే సీడర్ ర్యాపిడ్స్ నుంచి అయోవా సిటీకి కారులో అరగంట. దారికి రెండువైపులా మొక్కజొన్న, సోయాబీన్ చేలే. ఉద్యోగం మీద ఇటు వచ్చిన మా తెలుగువాళ్లలో చాలామందికి ఆ ఊరంటే యూనివర్సిటీ ఆసుపత్రి, ఫుట్‌బాల్ స్టేడియం. నాకూ మొదటి మూడేళ్లు అంతే. ఆ ఊళ్లో ఏటా ఆగస్టు చివర్లో ఎక్కడెక్కడి దేశాల కవులూ కథకులూ దిగి, నవంబరు దాకా అక్కడే కాపురం పెట్టినట్టు ఉంటారని ప్రెయిరీ లైట్స్ పుస్తకాల షాపులో అంటించిన ఒక కాగితం చూసి తెలుసుకున్నాను. అప్పట్నుంచి వీలున్న ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ షాపు పైఅంతస్తులో కూచుని, వాళ్లు తమ రచనలు చదువుతుంటే వింటున్నాను. శుక్రవారం మధ్యాహ్నాలు ఊరి పబ్లిక్ లైబ్రరీలో చర్చ ఉంటుంది, సెలవు పెట్టి ఒకట్రెండుసార్లు దానికీ వెళ్లాను. టికెట్ లేదు, పేరు రాయించుకునే పని లేదు. ఎవరైనా వెళ్లి కూచోవచ్చు.

ఇంటర్నేషనల్ రైటింగ్ ప్రోగ్రామ్ అంటారు దీన్ని. 1967లో పాల్ ఎంగిల్, హువాలింగ్ నియే అనే ఇద్దరు మొదలుపెట్టారు. ఎంగిల్ మా సీడర్ ర్యాపిడ్స్‌లోనే పుట్టిన కవి, అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడి యూనివర్సిటీలో రచన నేర్పే అయోవా రైటర్స్ వర్క్‌షాప్‌ని నడిపినవాడు. నియే చైనాలో పుట్టి, 1949లో తైవాన్‌కి వెళ్లి, అక్కడ తాను పనిచేసిన పత్రికను ప్రభుత్వం మూయించేశాక 1964లో అయోవా వచ్చింది. ఒకరోజు ఇద్దరూ పడవలో వెళ్తుంటే, ప్రపంచం నలుమూలల నుంచీ రచయితల్ని ఇక్కడికి పిలుద్దామని ఆవిడే అన్నదట, అది అయ్యే పని కాదని ఆయన మొదట కొట్టిపారేశాడట. తర్వాత కంపెనీల చుట్టూ తిరిగి డబ్బు పోగుచేసిందీ ఆయనే. 1971లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆవిడ 2024లో, 99 ఏళ్ల వయసులో, అయోవా సిటీలోనే కన్నుమూసింది.

ఇప్పటిదాకా 160కి పైగా దేశాల నుంచి 1,600 మందికి పైగా వచ్చారు. టర్కీ నుంచి ఓర్హాన్ పాముక్ 1985లో, దక్షిణ కొరియా నుంచి హాన్ కాంగ్ 1998లో, చైనా నుంచి మో యాన్ 2004లో వచ్చారు. ముగ్గురికీ నోబెల్ వచ్చింది ఆ తర్వాతే. మన దేశం నుంచి దిలీప్ చిత్రే, అరవింద్ కృష్ణ మెహ్రోత్రా లాంటి కవులు డెబ్బైల్లో ఇక్కడ ఉన్నారు.

కానీ నాకు ఈ పేర్లన్నిటికన్నా మనసులో నాటుకున్నది చెన్ యింగ్‌జెన్ సంగతి. తైవాన్ కథకుడు. 1968లో అయోవాకి పిలుపు అందింది, బయలుదేరబోతుంటే అక్కడి సైనిక పాలన ఆయన్ని అరెస్టు చేసింది. పదేళ్ల శిక్ష. 1975లో క్షమాభిక్షలో విడుదలయ్యాడు, చివరికి 1983లో ఇక్కడికి రాగలిగాడు, అంటే పిలిచిన పదిహేనేళ్లకి. అదే ఏడాది చైనా నుంచి వాంగ్ అన్యీ అనే యువ రచయిత్రి, రచయిత్రే అయిన వాళ్ల అమ్మతో కలిసి వచ్చింది. అప్పట్లో చైనావాళ్లూ తైవాన్‌వాళ్లూ ఒకరి ఊరికి ఒకరు వెళ్లే వీలే లేదు. అలాంటివాళ్లు ఈ మొక్కజొన్న చేల మధ్య తమ సొంత భాషలో వాదించుకున్నారు. రచయితల్ని పిలిచి ఒక ఊళ్లో ఉంచితే ఏమొస్తుంది అని అడిగేవాళ్లకి నేను ఈ కథే చెప్తాను.

నా అనుభవం దాని ముందు చాలా చిన్నది, అయినా చెప్తాను. 2023లో ఒక ఆదివారం చదవడం అయిపోయాక, పశ్చిమాసియా నుంచి వచ్చిన ఒక కథకురాలు షాపులోని కాఫీ కౌంటర్ దగ్గర నా పక్కనే నిలబడి ఉంది. మీ భాష ఏంటని అడిగింది. తెలుగు అన్నాను. ఎనిమిది కోట్ల మందికి పైగా మాట్లాడతారని చెప్తే ఆవిడ ఆశ్చర్యపోయి, మరి నేను చదవడానికి ఒక్క పుస్తకం చెప్పండి, ఇదే షాపులో ఉందేమో చూద్దాం అంది. అరలన్నీ వెతికాం. దొరకలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సరే నోటితో చెప్పండి అని కూచోబెట్టింది. చిన్నప్పుడు చదివిన ఒక ఉత్తరాంధ్ర కథ చెప్పడం మొదలుపెట్టాను, అందులో మేనరికం తప్పిపోయిన పిల్ల ఉంటుంది. ఆ మాట దగ్గరే ఆగిపోయాం. మేనమామ కొడుకుని చేసుకోవచ్చు, బాబాయి కొడుకు మాత్రం అన్నయ్యో తమ్ముడో అవుతాడు అంటే ఆవిడ కళ్లు పెద్దవి చేసి, మా దగ్గర సరిగ్గా బాబాయి కొడుకునే చేసుకోమంటారు అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ తర్వాత కథ ఆవిడకి పూర్తిగా అందింది, ఆ పిల్ల పెరట్లో ఒంటరిగా నిలబడే చోట ఆవిడే గట్టిగా ఊపిరి వదిలింది.

ఇక్కడికి దరఖాస్తు చేసేటప్పుడు రచన నమూనా ఇంగ్లిష్‌లో ఉండాలి, సొంతంగా రాసిందైనా, అనువాదమైనా. మన దగ్గర శ్రీకాకుళంలోనో పాలమూరులోనో కూచుని గొప్పగా రాస్తున్న మనిషికి అనువాదం ఎవరు చేసిపెడతారు? మన సభల్లో శాలువాలు కప్పుతాం, జ్ఞాపికలు ఇస్తాం, అందులో ఒక వంతు డబ్బు అనువాదకుడికి ఇద్దామని ఎవరమూ అనుకోం. ఇది నాకు నిజంగా బాధ. 2023లో మన కేరళలోని కోళికోడ్‌కి యునెస్కో సాహిత్య నగరం గుర్తింపు వచ్చింది, అయోవా సిటీకి 2008లో వచ్చింది. మనమూ ఇలాంటిది పెట్టుకోవచ్చు: హైదరాబాద్‌లో ఒక్క ఫ్లాట్, ఏడాదికి ఇద్దరు బయటి దేశాల రచయితలు, వాళ్లకి తోడుగా ఇద్దరు తెలుగు అనువాదకులు. ఇంతటితో మొదలుపెట్టినా చాలు. వచ్చినవాళ్లు కోఠీలో పాత పుస్తకాలు చూస్తారు, మనవాళ్లతో టీ తాగుతారు, వెళ్లేటప్పుడు ఒక తెలుగు కథ సంచీలో పెట్టుకుని వెళ్తారు.

2025 ఫిబ్రవరి చివర్లో అమెరికా విదేశాంగ శాఖ ఈ ప్రోగ్రామ్‌కి ఇచ్చే గ్రాంట్లు ఆపేసింది, దాదాపు పది లక్షల డాలర్లు. వేసవిలో కుర్రకారు కోసం పెట్టే శిబిరం రద్దయింది, ఆగస్టులో వచ్చి ఇక్కడ ఉండే రచయితల సంఖ్య తగ్గింది. ఆ వార్త చదివిన రోజు పని మీద దృష్టే నిలవలేదు. అయినా ఆపకుండా, దాతల డబ్బుతో నెట్టుకొస్తున్నారు. నేను ఇవ్వగలిగినంత నేనూ పంపాను.

ఆ కథకురాలు వెళ్లేముందు తన ఈమెయిల్ రాసిచ్చి, పెరట్లో పిల్ల కథ పూర్తిగా పంపమంది. పిల్లలు పడుకున్నాక రోజుకో పేరా చొప్పున ఇంగ్లిష్ చేస్తున్నాను. మేనరికం అన్న మాటని అలాగే ఉంచేశాను. పదకొండు పేజీలు అయ్యాయి, ఇంకా నాలుగున్నాయి.